రోడ్డు పక్క పది అడుగులు

ఎరువుల ధర ఇంకా పెరగాలి! ఆరు పాడి ఆవుల యజమానిగా, పూర్తి స్పృహలో ఉండి ఈ మాట అంటున్నాను. నా మనసుకు ఇంత మేలు ఏ డాక్టరూ చేయలేదు.

ఎరువు బస్తా చవగ్గా దొరికిన రోజుల్లో నా గురించి నాకేం తెలుసు? చల్లేవాణ్ణి. పచ్చిక ఏపుగా పెరిగి నల్లబడేది. నా అంతవాడు లేడనుకునేవాణ్ణి. ఆలోచన అనే జబ్బు నా దరిదాపులకు రాలేదు.

అంతలో ధర రెట్టింపైంది. పాల ధర మాత్రం, నా మనశ్శాంతికి భంగం కలగకూడదనేమో, కదలకుండా కూర్చుంది. రెండు బస్తాలే కొనగలిగాను. వాటిని ఎక్కడ చల్లాలి? సరిగ్గా ఇక్కడే నా లోపలి మనిషి బయటపడ్డాడు. పచ్చికంతా వదిలేసి, రోడ్డు పక్కన పది అడుగుల మేర చల్లాను!

నవ్వకండి. ఆవుకు గడ్డి చాలు. యజమాని కడుపు నిండాలంటే ఎదుటివాడి కళ్ళు కుట్టాలి.

ఫలితం అద్భుతం! రోడ్డుకు అవతలి పచ్చిక వరసకు బావయ్యేవాడిది. ఓ రోజు అటుగా పోతూ సైకిలాపాడు.

"ఏం బావా, గడ్డి నిగనిగలాడుతోంది? ఏం వేస్తున్నావేంటి?"

"ఏముంది బావా, కాస్త శ్రద్ధ."

"నాదీ అంతేలే. శ్రద్ధే."

చూస్తే అతని పచ్చిక కూడా రోడ్డు పక్కన పది అడుగులే పచ్చగా ఉంది. ఇద్దరం చూశాం. ఇద్దరం చూడనట్టే ఊరుకున్నాం. బస్తా చవగ్గా ఉన్నప్పుడు మా మధ్య ఇంత మర్యాద ఉండేదా?

మా ఒంటికొమ్ము ఆవుకు మాత్రం ఈ ఔన్నత్యం అర్థం కాలేదు. ఆ పది అడుగులూ రెండు పూటల్లో గొరిగినట్టు మేసేసి, పాలిపోయిన లోపలి గడ్డిని ఓసారి, నన్ను ఓసారి చూసింది. పాలు సగానికి పడిపోయాయి.

"రెండు నెలల్లో మేత లేవకపోతే దీన్ని అమ్మేయడమే" అన్నాను బరువైన గొంతుతో. త్యాగం మనిషికి లోతునిస్తుంది కదా!

"పాలిచ్చేది రోడ్డా, ఆవా?" అంది నా భార్య.

"విషయం మాట్లాడు. నన్ననకు."

"పన్నెండేళ్ళుగా విషయమే చెబుతున్నాను. కొట్టం వెనక పేడంతా వానకి కాలవలోకి కొట్టుకుపోతోంది, మీరేమో బజారు నుంచి బస్తాలు మోసుకొస్తారు. ఈసారి వెనక పచ్చిక నాకొదిలేయండి."

నేను అడ్డు చెప్పలేదు. చెప్పడానికి చేతిలో బస్తా లేదు మరి.

ఆమె పేడనీళ్ళు బండి మీద తోసుకెళ్ళి వెనక పచ్చికంతా పోసింది. నేలకు బలమని గడ్డి మధ్య అలసందలు చల్లింది. నెల పైగా ఆవుల్ని అటు తొంగిచూడనివ్వలేదు. ఆ తర్వాత తాళ్ళతో హద్దులు కట్టి, రోజుకో ముక్కే మేపి, మేసిన చోటును మళ్ళీ లేచేదాకా వదిలేసింది. నేను గట్టు మీద కూర్చుని నా అహంకారం మూలాల గురించి ఆలోచించాను. సంసారంలో పని పంచుకోవడమంటే ఇదే!

గడువు నాటికి వెనక పచ్చిక మోకాలెత్తు లేచింది. ఒంటికొమ్ము అందులో దించిన మూతి ఎత్తలేదు. అమ్మకం మాట ఎత్తడానికి నాకూ నోరు రాలేదు. బావ వచ్చి చూసి నోరెళ్ళబెట్టాడు.

"నిజం చెప్పు బావా, ఏం చేశావు?"

"శ్రద్ధ" అన్నాను. అలవాటు!

ఆ సాయంత్రం ఒంటికొమ్ము పాలు పితుకుతూ, తల తిప్పకుండానే, నా భార్య అడిగింది.

"రేపు బస్తా ధర తగ్గిందనుకోండి. అప్పుడూ నా మాట వింటారా?"

నిజాయితీగా నాలోకి నేను చూసుకున్నాను. చాలాసేపు చూసుకున్నాను. అప్పటికి ఆమె బకెట్టు నిండింది.

అందుకే ధరలు నిర్ణయించే పెద్దలకు చేతులు జోడించి మనవి చేస్తున్నాను. దయచేసి తగ్గించకండి! ఒంటికొమ్ము మా కొట్టంలో ఉండాలంటే నేను మా ఆవిడ మాట వినాలి. నేను వినాలంటే, బస్తా నా చేతికి అందకూడదు.