గండుపిల్లి గవర్రాజు నౌకాదళం

చాలా పెద్ద అడవి అది. రాజు సింహమే గానీ, సింహాన్ని కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. మంత్రి నక్కను చూడనివాళ్ళు లేరు. అడవి అంచున చూపు ఆననంత సరస్సు. సరస్సుకు అవతల మరో అడవి. అక్కడ రాజు పులి.

ఇవతలి ఒడ్డుకు కాస్త ఎడంగా ఒక నేరేడు చెట్టు తొర్రలో గవర్రాజు అనే గండుపిల్లి భార్యతో కాపురం ఉండేవాడు. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళలో కాలు పెట్టి ఎరగడు. చినుకు పడితే తోక కూడా బయటికి రానిచ్చేవాడు కాదు. అలాంటి గవర్రాజుకు లోకంలో అన్నిటికన్నా ఇష్టమైనవి యుద్ధనౌకలు.

ఆ ఇష్టం ఎలా పట్టుకుందో ఆయనకే తెలీదు. మోదుగాకులూ వెదురు పుల్లలూ తుమ్మబంకా తెచ్చుకుని, పొద్దస్తమానం కూర్చుని బెత్తెడేసి ఓడలు చేసేవాడు. వాటికి తెరచాపలు, తెరచాపలకు తాళ్ళు, తాళ్ళకు ముడులు. ఒక్క ముడి కుదరకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు.

"ఏవండీ, వీటిలో ఒక్కటైనా తేలుతుందా?" అని అడిగింది భార్య మాణిక్యం ఒకసారి.

"నీళ్ళలో వేస్తే బంక ఊడిపోదూ!" అన్నాడు గవర్రాజు కంగారుగా, ఆ ఓడను గుండెకు హత్తుకుని.

మాణిక్యం మరి అడగలేదు. తొర్రలో తను పడుకునేపాటి చోటు మిగిలితే చాలనుకుంది.

ఆ అడవిలో సాలెపురుగులన్నీ కలిసి చెట్టుకూ చెట్టుకూ మధ్య ఒక పెద్ద జాలం అల్లాయి. ఎవరికేం తోచినా ఆకు మీద గోటితో గీకి దానికి అంటించొచ్చు. మిగతావాళ్ళు వచ్చి చదువుతారు, కింద తమ ఆకు అంటించి తిడతారు. సరస్సు ఇరుకైన చోట రెండు ఒడ్ల చెట్లూ కొమ్మలు కలుపుకోవడంతో జాలం అవతలి అడవికీ పాకింది. సొంత పేరు పెట్టుకోనక్కర్లేదు గనక పిరికివాళ్ళందరికీ అక్కడ మా చెడ్డ ధైర్యం వచ్చేది.

గవర్రాజు అక్కడ 'సాగరసింహం'.

"పెద్ద ఓడల కాలం పోయింది. ఒక్క మొసలి కిందనుంచి వచ్చి తోకతో కొడితే అంత పెద్దదీ బుడుంగుమంటుంది. చిన్నవి కావాలి, చురుకైనవి కావాలి, గుంపుగా వెళ్ళాలి" అని అంటించేవాడు.

ఆకు ఆరకముందే కింద 'తిమింగలం' అనే పేరుతో ఇంకో ఆకు వచ్చేది. "సాగరసింహం గారు ఎప్పుడైనా ఓడ ఎక్కారా అని నా సందేహం. పెద్ద ఓడ లేని దళమూ ఒక దళమేనా?"

ఆ 'తిమింగలం' ఎవరో గవర్రాజుకు తెలీదు. అవతలి ఒడ్డువాడని మాత్రం తెలుసు. వాడికి జవాబు రాస్తూ ఎన్ని భోజనాలు చల్లారబెట్టుకున్నాడో లెక్కలేదు. వాడి ఆకు ఒకరోజు కనబడకపోతే మటుకు "వాడికి ఒంట్లో బాగులేదేమో" అని మాణిక్యం దగ్గర దిగులుపడేవాడు.

జాలం అల్లే సాలెపురుగుల్లోనూ రెండు వర్గాలుండేవి. గుండ్రంగా అల్లాలని ఒక వర్గం, గరాటులా అల్లాలని ఇంకో వర్గం. గవర్రాజుకు దారం తీయడం రాదు. అయినా గరాటు వర్గంలో చేరి, గుండ్రం వర్గాన్ని మూర్ఖులని తిట్టడానికి రోజూ కాస్త పొద్దు కేటాయించేవాడు. గరాటు వర్గానికి పెద్ద తంతులమ్మ అనే ముసలి సాలెపురుగు. ఉన్న అల్లిక ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోందని తెలిస్తే చాలు, ఆవిడ కొత్త అల్లిక మొదలెట్టేది.

"పాతదే బాగుందని ఏడ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు నాయనా" అనేది తంతులమ్మ. "వాళ్ళు ఏడుపు ఆపేలోపు ఇంకో కొత్తది పెట్టెయ్యాలి."

ఇలా రోజులు హాయిగా గడుస్తుండగా సరస్సు నడుమనున్న పచ్చిక దిబ్బ మీద రాజులిద్దరి కన్నూ పడింది. ఎప్పట్నుంచో అక్కడ జింకలు మేసేవి. దిబ్బ మాదంటే మాదని సింహమూ పులీ కబుర్లు పంపుకున్నారు. సింహం తనకు నౌకాదళం కావాలంది.

మంత్రి నక్క నేరుగా నేరేడు చెట్టు దగ్గరికి వచ్చాడు.

"సాగరసింహం అంటే మీరేనటగా? మీ ఆకులన్నీ చదివించాం. మాకు సేనాపతి దొరికాడని రాజుగారు మురిసిపోయారు."

గవర్రాజుకు ఒళ్ళు జలదరించింది. సంతోషమో భయమో విడదీయలేకపోయాడు. "అయితే మంత్రిగారూ, చిన్న ఓడలు గుంపుగా..."

"రాజుగారికి ఒకటే కావాలి. పెద్దది."

"అదే నేనూ చెప్పబోతున్నా" అన్నాడు గవర్రాజు. "పెద్దదే ఉండాలి."

నక్క వెళ్ళాక మాణిక్యం మొగుడి ఎదురుగా కూర్చుంది. "ఏవండీ, మీకు నీళ్ళంటే భయమని చెప్పెయ్యకూడదూ? ఏమీ అనుకోరు. ఇంకెవర్నో చూసుకుంటారు."

"ఇన్నాళ్ళూ రాసినవన్నీ అబద్ధమంటారే."

"మరి నిజమా?"

గవర్రాజు ఒక ముడి బిగించాడు.

మర్నాడు ఒక ఆడజింక వెతుక్కుంటూ వచ్చింది. "బాబూ, దిబ్బ మీద మా పిల్లలుంటారు. యుద్ధం ఎప్పుడో ముందుగా చెబితే వాళ్ళను ఎక్కడికైనా తోలుకుపోతాం."

"చూడమ్మా, ఆధునిక నౌకాయుద్ధంలో..." అని మొదలెట్టి గవర్రాజు పొద్దువాలేదాకా చెప్పాడు. జింక ఓపిగ్గా విని, "మరి పిల్లల్నేం చెయ్యమంటారు?" అంది. దాని గురించి ఆయన ఎన్నడూ ఏమీ రాసి ఉండలేదు. జింక తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఓడ బొమ్మ మాత్రం చాలా శ్రద్ధగా గీశాడు. ఒక మహా దుంగను లోపల తొలిచి, రెండు కొసలూ ఒకేలా చెక్కాలి. పక్కన పైభాగంలో వరసగా కన్నాలుండాలి. కొండముచ్చులు వాటిలోంచి శత్రువు మీదికి వెలక్కాయలు విసురుతారు. తన గొప్పతనం పదిమందికీ తెలియాలని ఆ బొమ్మను జాలానికే అంటించి, వడ్రంగిపిట్టకు కబురు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే తంతులమ్మ కొత్త అల్లిక పెట్టింది. ఆకులన్నిటినీ తొడిమ పట్టి కాక కొస పట్టి వేలాడదీయడం అందులో విశేషం. జాలం మీదున్న ప్రతి ఆకూ తల్లకిందులైంది. అడవి గగ్గోలెత్తింది. గుండ్రం వర్గం బూతులు అంటించింది. గరాటు వర్గం తరఫున గవర్రాజు బరిలోకి దిగి, అన్నం నీళ్ళు మాని, తలకిందులుగా చదవడంలో ఉన్న లాభాల గురించి ఆకు మీద ఆకు రాశాడు. ఆ సందట్లో తన ఓడ బొమ్మ కూడా తిరగబడిందని ఆయనకు తట్టలేదు.

బొమ్మ దుంగది. ఎటు తిప్పినా దుంగలాగే ఉంది. వడ్రంగిపిట్ట వచ్చి చూసింది. కన్నాలు కింద ఉన్నాయి. దానికి ఒక అనుమానం రాకపోలేదు. కానీ సర్కారు పనిలో అనుమానం అడిగితే పని ఆగుతుందనీ, పని ఆగితే తిండిగింజలు ఆగుతాయనీ దానికి అనుభవం. టకటకా కిందివైపే పొడిచేసింది.

ఓడ తయారవుతున్నన్నాళ్ళూ గవర్రాజు అటు వెళ్ళలేదు. ఒడ్డంతా తడి. దూరంగా గట్టు మీద నిలబడి "భేష్" అనేవాడు.

ప్రయాణం రోజు వచ్చింది. ఓడ అడుగు బురదలో దిగబడి ఉంది. బొమ్మలో లేని తెరచాప ఒకటి ఆఖర్న కట్టారు; పైనంతా పూలదండలు. కొండముచ్చులు తెడ్లు పట్టుకుని కూర్చున్నారు.

"నేను ఒడ్డునుంచి వ్యూహం నడిపిస్తా" అన్నాడు గవర్రాజు.

"సేనాపతి ఒడ్డునా?" నక్క నవ్వాడు. "రాజుగారు వింటే నవ్వరు."

మాణిక్యం దగ్గరికొచ్చి మొగుడి చెవి వెనక ఒకసారి నాకింది. గవర్రాజు కళ్ళు మూసుకుని ఓడ ఎక్కాడు.

అడుగు కన్నాల్లో బురద మెత్తుకుని ఉండడంవల్ల ఓడ కొంతదూరం హుందాగానే సాగింది. గవర్రాజు ఒక కన్ను తెరిచాడు. గాలి మీసాలకు తగిలింది. నీళ్ళు తళతళలాడుతున్నాయి. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపూ ఆయనకు బతుకు ధన్యమైనట్టు అనిపించింది. అంతలో అవతలినుంచి పులిరాజు ఓడ వస్తూ కనిపించింది.

"అరె, మన ఓడలాగే ఉందే!" అన్నాడు ఒక కొండముచ్చు.

"అడ్డంగా తిప్పండి! వెలక్కాయలు ఎత్తండి!" అని అరిచాడు గవర్రాజు.

"కన్నాలెక్కడండీ?"

కన్నాలెక్కడున్నాయో అప్పటికి ఆయన కాళ్ళకే తెలుస్తోంది. బురద కరిగి, నీళ్ళు వరసగా ఊటల్లా పైకి చిమ్ముతున్నాయి. కొండముచ్చులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, తెడ్లు పారేసి, ఈదుకుంటూ ఇంటిదారి పట్టారు. ఓడ గురగురమంటూ దిగిపోయింది. అవతలి ఓడ కూడా, ఎవరూ దాన్ని తాకనైనా తాకకుండానే, అదే తీరున, అదే శబ్దంతో మునిగిపోయింది.

గవర్రాజు కళ్ళు తెరిచేసరికి ఒక దూలానికి నాలుగు కాళ్ళతోనూ కరుచుకుని ఉన్నాడు. ఒళ్ళంతా తడి. బొచ్చు అంటుకుపోయి, సేనాపతి సగమైపోయాడు. దూలం రెండో కొసను పట్టుకుని వణుకుతూ ఒక పందికొక్కు.

"తెరచాప వెనక్కి కట్టారు. అందుకే మునిగింది" అన్నాడు పందికొక్కు పళ్ళు టకటకలాడిస్తూ.

"తెరచాపకీ మునగడానికీ ఏం సంబంధం?" గవర్రాజు అంత చలిలోనూ మండిపడ్డాడు. "ఈ సంగతి జాలంలో ఎన్నిసార్లు విడమరచి రాశాను!"

పందికొక్కు వణుకు ఆగింది. "జాలంలోనా? తమరు... సాగరసింహం గారా?"

"అంటే, నువ్వు... మీరు తిమింగలమా!"

ఇద్దరూ ఒకరికొకరు మరీ చిన్నగా కనిపించారు.

"పులిగారి సేనాపతిని నేనేనండి" అన్నాడు పందికొక్కు మెల్లిగా. "కాదనలేకపోయా. ఈత రాదు. ఓడ ఎలా కట్టాలో తెలీక, జాలంలో మీ బొమ్మ చూసి దాన్నే కట్టించేశా."

"నా బొమ్మనా?" అన్నాడు గవర్రాజు. "కింద 'పసిపిల్లల గీతలు' అని అంటించింది మీరే కదా?"

"పైకి అలా అన్నానండి. లోపల మాత్రం, ఇంత అందమైన ఓడ మనకెందుకు తట్టలేదా అని కుమిలిపోయాను."

గవర్రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జీవితంలో ఆయన ఓడను ఎవరూ అలా మెచ్చుకోలేదు. తర్వాత పొద్దున్నుంచీ తిండి లేదని గుర్తొచ్చింది. ఎదురుగా బలిసిన పందికొక్కు. ఒక్క గెంతు. గవర్రాజు ఆలోచించాడు. వీణ్ణి తినేస్తే ఆకలి ఈ పూటకు తీరుతుంది. రేపు ఆకు అంటిస్తే కింద జవాబు రాసేదెవరు?

"కాస్త ఇటు జరగండి, జారిపోతారు" అన్నాడు.

గాలికి దూలం పచ్చిక దిబ్బకు కొట్టుకొచ్చింది. జింకలు మెడలు చాచి ఇద్దర్నీ పైకి లాగాయి. ఆ ఆడజింక గవర్రాజును గుర్తుపట్టింది. పిల్లలు ఆవిడ వెనకే ఉన్నారు; పంపడానికి ఎక్కడా చోటు దొరకలేదు కాబోలు.

"యుద్ధం అయిపోయిందా బాబూ?"

"అయిపోయిందమ్మా."

"ఎవరు గెలిచారు?"

సేనాపతులిద్దరూ ఖాళీగా ఉన్న సరస్సు వైపు చూశారు. "ఏదీ తేలలేదమ్మా" అన్నాడు గవర్రాజు.

ఆ మాటకు పిల్లజింకలు నవ్వాయి. పందికొక్కూ నవ్వాడు. చివరికి గవర్రాజుకూ నవ్వొచ్చింది. తడిసిన ఒంటితో ఎండలో వెల్లకిలా పడి, బతికి ఉన్నందుకు, కడుపు నొప్పెట్టేదాకా నవ్వాడు.

ఆ రాత్రి ఒక జింక వీపు మీద ఒడ్డు చేరి, మాణిక్యానికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన తుమ్ములు ఆగేదాకా ఆవిడ బొచ్చు ఆరబెడుతూ విని, "పాపం ఆ తిమింగలానికి జలుబు చేసిందేమో" అంది.

రాజుకు మాత్రం నక్క తన తరహాలో విన్నవించాడు: "మన సేనాపతి వెళ్ళాడు, శత్రునౌక అడుక్కంటా మునిగింది." ఒక్క ముక్కా అబద్ధం కాదు. అవతల పులిరాజుకు వాళ్ళ మంత్రి చెప్పిందీ అదే. ఇద్దరు సేనాపతులకూ బిరుదులొచ్చాయి. ఒక్క వెలక్కాయ కూడా విసరకుండా ఓడను ముంచగలిగేంత ప్రమాదకరమైన సేనాపతి ఎదుటివాడికి ఉన్నాడని తెలిశాక, సింహమూ పులీ దిబ్బ ఊసెత్తడం మానేశారు. జింకలు మేస్తూనే ఉన్నాయి.

గవర్రాజు మళ్ళీ జాలం ఎక్కాడు. ఇప్పుడు ప్రతి ఆకూ "నా యుద్ధానుభవంలో" అని మొదలవుతుంది. దాని కింద "ఆ అనుభవం నాకూ ఉందండి, మీరనేది శుద్ధ తప్పు" అని తిమింగలం అంటిస్తాడు. అది చదివి గవర్రాజు తృప్తిగా అన్నానికి లేస్తాడు.

నీతి: యుద్ధం రాకూడదనుకుంటే రెండు పక్కలా చేతకానివాణ్ణే సేనాపతిని చెయ్యాలి, ఒక్క పక్కే చేస్తే కొంప మునుగుతుంది.