రెండు దాటని వాల్యూమ్

ఆ పట్నంలో పుట్టిన ప్రతి బిడ్డకూ బొడ్డు కోసిన రోజే మునిసిపాలిటీవాళ్ళు గొంతు కింద ఒక వాల్యూమ్ కంట్రోలు బిగిస్తారు. సున్నా నుంచి పది దాకా అంకెలుంటాయి. ఎవరు ఎంతలో మాట్లాడాలో మునిసిపాలిటీ చెప్పదు. ఆ పని ఇంట్లోవాళ్ళూ, బడిలో మేష్టార్లూ, పై అధికారులూ జీతం లేకుండా చేసిపెడతారు. మాట్లాడే అవసరం తీరిపోయినవాళ్ళవి విప్పేస్తారు. అవి పాత సామాన్ల బజారుకు చేరతాయి.

వైరింగు పనిచేసే పంపన వీరభద్రం ఇంట్లో సొంతంగా మ్యూజిక్ పెట్టె ఒకటి తయారుచేశాడు. మీట నొక్కితే సన్నాయి, ఇంకో మీటకి డోలు. పోయినేడు అమ్మవారి తీర్థంలో దాని వాల్యూమ్ పెంచబోతే పకోడీలు వేగినట్టు గరగరలాడింది. జనం ఈలలేసి దింపేశారు. ఈసారీ గరగర వస్తే ఇక జన్మలో స్టేజీ ఎక్కనివ్వమని కమిటీవాళ్ళు కబురంపారు. మంచి కంట్రోలు కోసం అతను దుర్గారావు కొట్టుకెళ్ళాడు.

"లోపల నల్ల పట్టీ ఉంటాదండి," అన్నాడు దుర్గారావు ఒకటి విప్పి చూపిస్తూ. "దానిమీద ముల్లు ఎక్కువగా ఎక్కడ తిరిగితే అక్కడ అరుగుతాది. అరిగినచోట గరగరే. ఇది కౌన్సిలరు గారిదండి, పది దగ్గర పోయింది. సున్నా దగ్గర మాత్రం కొత్తదేనండి, ఆయనెప్పుడూ అటెళ్ళలేదు."

"మరిదో?"

"మేష్టారిదండి. క్లాసులో పది, హెడ్మాష్టరు ముందు సున్నా. రెండు కొసలూ పోయాయి."

"పైన అరగనిది కావాలయ్యా."

"అలాంటియి బజారుకి రావండి, ఇళ్ళల్లోనే ఉంటాయి. మీ ఆవిడగారిది ఎంతలో ఉంటాదండి?"

వీరభద్రం ఆలోచించాడు. "పెళ్ళినాడు మా అమ్మ రెండులో పెట్టింది. మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు."

"అయితే మీరు మారాజులండి బాబూ!"

మర్నాడు వీరభద్రం వెంట అతని భార్య మంగతాయారు కూరల సంచీతోనే కొట్టుకొచ్చింది. ఆ కొట్టులో ఒక పద్ధతుంది. ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి వినకుండా కంట్రోలు విప్పరు. దుర్గారావు మెల్లగా పదికి తిప్పి, "ఏదోటి మాట్టాడండమ్మా," అన్నాడు.

"ఏం మాట్టాడను?" అందామె.

బజారు మొత్తం ఇటు తిరిగింది. చూరు మీది పావురాలు లేచిపోయాయి. గరగర మచ్చుకి కూడా లేదు. మంగతాయారు వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూసుకుంది. లేరు. అప్పుడు ఎదురుగా ఉన్న అరటిపళ్ళ బండి వైపు చూసింది.

"ఏవయ్యా, నిన్న నువ్విచ్చినవాటిలో సగం కుళ్ళినవే! చెప్తే వినపళ్ళేదన్నావు!"

బండివాడు మంచి పళ్ళున్న కొత్త అత్తం తెచ్చి ఆమె సంచీలో పెట్టి వెళ్ళాడు. ఆమె నవ్వింది. కొట్టు అద్దాలు గలగలలాడాయి.

"ఏవండీ, నేను దీన్ని ఉంచుకుంటానండీ," అంది.

ఆ మాట బజారంతా విన్నది. అవతలి వీధిలో చెప్పులు కుట్టే ఆయన తలెత్తాడు. వీరభద్రం వెంట తెచ్చుకున్న పెట్టెకు పెట్టిన కంతలో ఆ కంట్రోలు పడుతుందో లేదో కొలుచుకుంటున్నాడు.

"సరిగ్గా సరిపోద్ది. విప్పెయ్యి," అన్నాడు.

దుర్గారావు విప్పాడు. భర్త చెప్పాక మళ్ళీ అడగడం ఆ వ్యాపారంలో మర్యాద కాదు.

తీర్థంలో పెట్టె అదిరిపోయింది. శబ్దం పొయ్యి మీద పాలు పొంగినట్టు మెత్తగా లేచి, గుడి చుట్టూ తిరిగి వచ్చింది. కమిటీవాళ్ళు శాలువా కప్పి, "ఏం గొంతండీ మీ పెట్టెది!" అన్నారు. తెల్లారేసరికి దుర్గారావు కొట్టు ముందు మగాళ్ళు భార్యల్ని వెంటబెట్టుకుని బారులు తీరారు. అంత మంచి సరుకు ఊళ్ళో ఇంత ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం మంగతాయారు అన్నం వడ్డిస్తూ ఏదో చెప్పింది. పెదాలు చాలాసేపు కదిలాయి. చప్పుడు రాలేదు.

వీరభద్రం ఎప్పటిలాగే "ఊఁ" అని, పప్పు కలుపుకున్నాడు.