సగటు మంత్రిగారి ఏటిగట్టు

సగటు మంత్రిగారి మీద నాకో ఫిర్యాదు ఉంది. ఆ బిరుదు ఆయనకు వచ్చిన రోజున ఆ హాల్లో నేనూ ఉన్నాను. వాతావరణ మార్పును ఆయన రద్దు చేసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కాస్త ముందుగా చెప్పి ఉండాల్సింది. చేతుల్లో అర్జీ ఉండి కొట్టలేకపోయాను.

అర్జీలో ఉన్నది ఒక్కటే మాట. నా పొలాన్ని ఏరు కోస్తోంది, వానలు రాకముందే గట్టు కట్టించండి. బడి మధ్యలో మానేసినవాడి రాత ఎవరు చదువుతారని, యూనివర్సిటీలో వానల మీద పరిశోధన చేసే మేడమ్ నన్ను వెంట తీసుకెళ్లింది.

ఆవిడ మొదటి స్లయిడ్ వేసింది. "ముప్పై ఏళ్లుగా ఏడాది వానల సగటు మారలేదు సార్..."

మంత్రిగారు దిగ్గున లేచారు. "మారలేదా! అంటే మార్పే లేదన్నమాట. రాసుకోండయ్యా!"

విలేకర్లు రాసుకున్నారు.

"సార్, అసలు సంగతి రెండో స్లయిడ్‌లో ఉంది. నెలల తరబడి చినుకుండదు. తర్వాత అంతా ఒక్కసారే కుమ్మరిస్తుంది. ఏరు తట్టుకోలేదు."

"చూడమ్మా, పొద్దున పస్తున్నాం, రాత్రికి రెండింతలు తిన్నాం. సగటున కడుపు నిండినట్టేగా?"

"అజీర్తి చేస్తుంది సార్."

"అది ఆరోగ్య శాఖ."

ఇంతటి సూక్ష్మబుద్ధి చదువుకున్నవాళ్లలో కూడా నేను చూడలేదు. మార్పే లేనప్పుడు గట్టెందుకని, ఆ డబ్బుతో సగటు భవనం కట్టించారు. ప్రారంభానికి మేడమ్‌నీ పిలిచారు, రెండో స్లయిడ్ తేకూడదన్న షరతు మీద.

రిబ్బన్ కత్తిరించిన వారంలోనే వాన అంతా ఒక్కసారే పడింది. ఏరు నా ఒడ్డును కోసుకుపోయి, ఆ మట్టిని శ్రద్ధగా అవతలి ఒడ్డున మేట వేసింది. అవతలి ఒడ్డు మంత్రిగారి బావమరిదిది. మట్టి ఆరకముందే కంచె వేశాడు.

నష్టం అంచనా వేసే ఆఫీసరు వచ్చాడు. రెండు ఒడ్లూ కొలిచాడు, నాకు పోయినదాన్ని బావమరిదికి కలిసినదానితో సరిచూశాడు.

"ఏమయ్యా, సున్నా వచ్చింది. సగటున ఎవరికీ నష్టం లేదు. సంతకం పెట్టు."

"మరి నా పొలం ఎక్కడుంది సార్?"

"అదిగో, కనపడుతోందిగా. కంచె మాత్రం ముట్టుకోకు, కరెంటు ఉంది."

సంతకం పెట్టాను. లెక్క లెక్కే కదా. నాకున్నది ఎకరం నలభై సెంట్లు. పోయిందీ అంతే.