దివంగత సీసాల జాబితా

ఒక పాలసీసా ఎన్నిసార్లు గడప దాటి వెళ్ళి, ఎన్నిసార్లు తిరిగివస్తే దాన్ని సచ్ఛీలం గల సీసాగా పరిగణించవచ్చు?

మానవజాతి నిప్పును సాధించింది, చక్రాన్ని సాధించింది. పాలను దేనిలో పోసుకోవాలన్నది మాత్రం టాంబ్లిన్ మిల్స్ పురపాలక సంఘానికి వదిలిపెట్టింది. పై ప్రశ్న మా సంఘం ముందుకు వచ్చి పద్నాలుగు నెలలైంది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఆ ప్రశ్నను అడగడానికి ఒక ఉపసంఘం, అడిగినట్టు నమోదు చేయడానికి ఒక అధికారి, నమోదు ఏ రంగు కాగితం మీద జరగాలో తేల్చడానికి ఒక బహిరంగ విచారణ సమకూరాయి. (కాగితం లేత ఆకుపచ్చ. మరో రంగును ప్రతిపాదించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.)

విషయం చిన్నది. మా ఊరి బడికి, వృద్ధాశ్రమానికి, హాకీ మైదానంలోని ఫలహారశాలకు పాలు కావాలి. పన్నెండేళ్ళుగా ఆ పాలు హెండ్రికా టెర్‌మీర్ పాడి నుంచి గాజుసీసాల్లో వస్తున్నాయి. హెండ్రికాకు ఇరవై తొమ్మిది ఆవులు, సీసాలు కడిగే యంత్రం ఒకటి, పన్నెండు వందల సీసాలు ఉన్నాయి. ఆమె పాలలో సగం ఊళ్ళోని ఇళ్ళకు, తక్కిన సగం ఈ మూడు చోట్లకే వెళతాయి. అవి వద్దన్న రోజున ఆమె యంత్రం ఆపి, ఆవులను అమ్మేసుకోవాలి. ఈ సంగతి ఉపసంఘానికి తెలుసు. అనుబంధం ‘ఉ’లో ‘ఇతరములు’ అనే శీర్షిక కింద నమోదు చేసుకుంది.

పానీయ పాత్రల తులనాత్మక పర్యావరణ ప్రభావ పరిశీలక ఉపసంఘానికి అధ్యక్షులు లియాండర్ ప్రూయిట్ గారు. కాలిపోయిన ఇళ్ళు నిజానికి అంతగా కాలిపోలేదని ముప్పై ఏళ్ళపాటు బీమా కంపెనీ తరఫున నిరూపించిన అనుభవం ఆయనది. సభ్యులలో చెప్పుకోదగినవారు ముర్రే టాకబెరీ, ప్లాస్టిక్ పాలసంచి పక్షపాతి. మా ఒంటారియోలో ఇది మతం వంటిది. సంచిని కూజాలో నిలబెట్టి, మూల కత్తిరించి పోసుకోవడం మాకు చేతికబ్బిన విద్య; ఆ మూలను ఎంత చిన్నగా కత్తిరించారన్న దాన్నిబట్టి మనిషి పెంపకం చెప్పేస్తాం.

మొదటి మూడు నెలలు కొలమానానికే సరిపోయాయి. దేన్నైనా పోల్చాలంటే సమానమైన కొలత ఉండాలి కదా. ఒక లీటరు పాలు అనుకున్నారు. అక్కడే చిక్కు వచ్చింది.

“లీటరంటే లీటరే కదయ్యా ప్రూయిట్! అందులో కూడా రకాలుంటాయా?” అన్నాడు ముర్రే.

“ఉంటాయి ముర్రే. పాత్రలో ఉన్న లీటరు వేరు, పెదవి దాకా చేరిన లీటరు వేరు.”

“నాకు పెదవి దాకా ఎక్కడ చేరుతుంది? సగం మీసంలోనే ఆగిపోతుంది.”

“దాన్ని రవాణా నష్టం అంటాం.”

“మా ఆవిడ వేరే మాట అంటుందిలే.”

ముర్రే మీసాన్ని మినహాయిస్తూ, ‘సగటు పెదవికి చేరిన ఒక లీటరు’ అనే కొలమానాన్ని మూడుకు రెండు ఓట్లతో ఆమోదించారు. తరువాత రాజధాని నుంచి నిపుణురాలు ఓడిల్ బ్రీజ్‌బ్వా గారిని పిలిపించారు. ఆమె పనిమంతురాలు, నిజాయితీపరురాలు. ఈ రెండు లోపాల వల్ల ఆమెతో మొదటి నుంచీ ఇబ్బందిగానే ఉంది.

సంచి తూకానికి అన్నిటికంటే తేలిక అని ఆమె చెప్పగానే ముర్రే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కానీ సంచికి కూజా కావాలి, కత్తెర కావాలి. వాటి భారం ఎవరి ఖాతాలో వేయాలని ఆమె అడిగింది. కత్తెరతో ఊళ్ళో ఒక్క సంచే కత్తిరించరు కనుక, తక్కిన పనుల వాటాను మినహాయించాల్సి వచ్చింది. ప్రతి ఇంటికీ ‘కత్తెర వినియోగ స్వీయ ప్రకటన’ పంపారు. ముర్రే నింపిన ప్రకటన నేను స్వయంగా చూశాను: పాలసంచులు నలభై శాతం, మీసం యాభై ఐదు, వివరించదలుచుకోనివి ఐదు. (ఆ ఐదు శాతంపై విచారణ కొనసాగుతోంది.)

బహిరంగ విచారణలో హెండ్రికా ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“ఓడిల్ గారూ, సీసాని కొలిచారు, సంచిని కొలిచారు, కత్తెరని కూడా కొలిచారు. నా ఆవుల్ని కొలిచారా?”

“కొలిచానండీ. ఎనభై ఎనిమిదో పేజీలో ఉంది,” అంది ఓడిల్. “నిజం చెప్పాలంటే అసలు భారమంతా అక్కడే. పాత్ర ఏదైనా సరే, తాగకుండా పారబోసిన పాలు చేసే చెరుపు పాత్ర చేసే చెరుపుకంటే చాలా ఎక్కువ. మీ బళ్ళో ఎన్ని పాలు తొట్టిలో పోస్తున్నారో ముందు చూసుకుంటే...”

“అది మన పరిధిలో లేదు,” అన్నారు ప్రూయిట్ గారు.

(ఈ వ్యవహారంలో ఆవు పాత్ర ఏమిటన్న దానిపై ఉపసంఘం ఎనిమిది నిమిషాలు చర్చించి, ఆవు పాత్ర కాదని తీర్మానించింది. ఈ చర్చ జరుగుతున్నంతసేపూ సభ్యులు కాగితపు కప్పుల్లో కాఫీ తాగారు. తలా రెండేసి బొటనవేలంత ప్లాస్టిక్ గిన్నెల్లోంచి మీగడ కలుపుకున్నారు. అది పాలు కాదు, మీగడ. కనుక అదీ పరిధిలో లేదు.)

చివరికి వరుస తేలింది. సంచి ప్రథమం, అట్టపెట్టె ద్వితీయం, ప్లాస్టిక్ డబ్బా తృతీయం, గాజుసీసా చివర. సీసా పక్కన ఒక చుక్క గుర్తు. ఆ చుక్క పట్టుకుని పేజీ అడుగుకి వెళితే, చీమ తలకాయంత అక్షరాల్లో ఓడిల్ వ్రాసిన వాక్యం: ‘మన ఊరి దూరాలను, కడిగే నీటిని బట్టి, సీసా సగటున ఇరవై ఐదుసార్లు వాడుకలోకి తిరిగివచ్చేటట్లయితే ఈ వరుసలో గాజు మొదటికి వస్తుంది.’

హెండ్రికాకు ప్రాణం లేచివచ్చింది. ఆమె చేతిలో సీసాలు అంతకంటే ఎక్కువే తిరుగుతాయి. కానీ తిరుగుతాయని చెప్పడం వేరు, తిరిగినట్టు రుజువు చేయడం వేరు. సీసాల సంచార నమోదు కార్యాలయం వెలిసింది. దానికీ అధిపతి ప్రూయిట్ గారే. ప్రతి సీసా అడుగున హెండ్రికా మొదట్లోనే చెక్కించిన అంకె ఉంది. ఆమె పాత పద్దుల నుంచి మొదలుపెట్టి, అంకెల వారీగా వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ, తిరిగివచ్చేటప్పటి ఆరోగ్యం నమోదు చేయసాగారు. తొంభై రోజుల్లో తిరిగిరాని సీసాను పన్నెండో నిబంధన ప్రకారం ‘దివంగత’ అని ప్రకటించి, హెండ్రికాకు లేత ఆకుపచ్చ ఉత్తరం పంపేవారు. ఉత్తరం చివర ‘మా ప్రగాఢ సానుభూతి’ అని అచ్చయి ఉండేది. ఆ ముక్కను తీసేయడానికి అధికారం ఎవరికీ లేదు.

లెక్క ఇలా తేలింది. సజీవ సీసాలు ఐదు వందల ఎనభై తొమ్మిది. వాటి సగటు ముప్పై ఎనిమిది ప్రయాణాలు. దివంగతులు ఆరు వందల పదకొండు. నిబంధన ప్రకారం వాటికి తలా ఒక్క ప్రయాణమే, అదీ ఒకవైపే. మొత్తం మీద సగటు పంతొమ్మిది చిల్లర. ఇరవై ఐదు కావాలి. దివంగతుల్లో ఎవరైనా తిరిగివస్తే మళ్ళీ సజీవుల సగటుకు అర్హులు. నేను రెండుసార్లు కూడి, భాగించి చూశాను: నూట తొంభై సీసాలు లేచి రావాలి. గడువు వచ్చే గురువారం సాయంత్రం నాలుగు గంటలు.

ఆరు వందల పదకొండు సీసాలు ఎక్కడికి పోయాయి? హెండ్రికా కంగారుపడింది. నాలాలో వెతికింది, చెత్త కేంద్రంలో వెతికింది. పగిలిన గాజుముక్క ఒక్కటి దొరకలేదు.

పోయిన శనివారం నివేదిక ఆవిష్కరణ. సభామందిరంలో నలభై బల్లలు, నూట అరవై మంది జనం. వేదిక వెనుక పెద్ద గుడ్డ మీద ‘గాజు తిరిగిరాదు: నిజాలు, సంఖ్యలు’ అని వ్రాసి ఉంది. ప్రతి బల్ల మధ్యలో లావెండర్ రెమ్మలు పెట్టి, మెడకు జనపనార తాడు చుట్టిన ఒక పూలకుండీ, ఊరివారు తమ ఇళ్ళ నుంచి అరువిచ్చినవి. ఎంతో ముచ్చటగా ఉంది. హెండ్రికా నా పక్కన కూర్చుంది. ప్రూయిట్ గారు పదకొండో సంఖ్య చదువుతుండగా ఆమె చేయి చాపి, మా బల్ల మీది కుండీని ఎత్తి అడుగు చూసింది.

“నాలుగు వందల పన్నెండు,” అంది. తరువాత గట్టిగా, “ఇది నాది!” అంది.

“హెండ్రికా గారూ, దయచేసి అలంకరణను కదపకండి,” అన్నారు ప్రూయిట్ గారు మైకులో.

“అలంకరణేంటండీ, ఇది నా సీసా! మార్చిలో చచ్చిపోయిందని మీరే కదా నాకు ఉత్తరం రాశారు?”

“రికార్డు ప్రకారం అది దివంగతమే.”

“మరి ఇక్కడ కూర్చుని పూలు పెట్టుకుందేంటి?”

వెనక బల్ల నుంచి ముర్రే గొంతు వినిపించింది: “చచ్చినవాళ్ళకేగా పూలు పెట్టేది!”

ఒక్కసారిగా హాలంతా ఘొల్లుమంది. ఆ తరువాత జరిగినదాన్ని ఉపసంఘం కార్యక్రమ వివరాల్లో ‘విరామం’ అని నమోదు చేశారు. హెండ్రికా రెండో బల్ల దగ్గరికి వెళ్ళి సీసా ఎత్తింది. “తొమ్మిది వందల ఆరు!” మూడో బల్ల. “యాభై ఎనిమిది! అమ్మ నీ... యాభై ఎనిమిదీ, రెండేళ్ళయింది నిన్ను చూసి!” పద్నాలుగు నెలలుగా గాజును తిట్టిపోసిన ముర్రే బల్లల మధ్య పరుగు లంకించుకుని పూలు పీకసాగాడు.

“నువ్వు సంచి పక్షం కదయ్యా ముర్రే!” అని ఎవరో అరిచారు.

“సంచి పక్షమే! సంచి గెలవాలంటే ఆటాడి గెలవాలి గానీ, ఎదుటి జట్టుని అలమారలో దాచి కాదు! పట్టు, ఈ పూలు పట్టు!”

లావెండర్ టోపీల్లోకి వెళ్ళింది, సూప్ గిన్నెలోకి వెళ్ళింది, ఓడిల్ గారి కాగితాల సంచిలోకి వెళ్ళింది. ఓడిల్ గారు కళ్ళు తుడుచుకుంటూ, సీసాకొక టిక్కు చొప్పున ఎనభై ఎనిమిదో పేజీ వెనుక పెట్టుకుంటూ పోయారు. పూలరెమ్మల వల్ల తుమ్ములు, తుమ్ముల వల్ల నవ్వులు, నవ్వుల వల్ల మరిన్ని సీసాలు. ఏడు నిమిషాల్లో నలభై సీసాలు వేదిక ముందు బారులు తీరాయి. హాకీ ఆటలో గెలిచినప్పుడు కూడా మా ఊరు ఇంత కేకలు వేయగా నేను వినలేదు.

ప్రూయిట్ గారు కేకలు తగ్గేదాకా ఆగి, పద్నాలుగో నిబంధన చదివారు.

“తీసుకువెళ్ళిన వినియోగదారుడు స్వయంగా తెచ్చి ఒప్పగిస్తేనే ‘పునరాగమనం’. మరే విధంగా దొరికినా అది ‘స్వాధీనం’. స్వాధీనమైన సీసాలు లెక్కలోకి రావు. కనుక ఈ నలభై సీసాలు ఎవరెవరి ఇళ్ళ నుంచి వచ్చాయో, వారు దయచేసి లేచి నిలబడండి.”

నూట అరవై మంది ఉన్న హాలు అది. ఎవరూ నిలబడలేదు. (ఆ సీసాల్లో మూడు ప్రూయిట్ గారి ముందుగది కిటికీలోవి, వాటిని నేను అక్కడ చూశాను. కానీ ఆయన అప్పటికే నిలబడి ఉన్నారు కాబట్టి, నిలబడ్డవారిలో ఆయనను లెక్కించడం సాంకేతికంగా సాధ్యపడలేదు.)

జనం కాసేపు తమ చేతుల్లోని పూలవైపు చూసుకుని, మెల్లగా కోట్లు వేసుకుని వెళ్ళిపోయారు. హెండ్రికా మాత్రం కూర్చుని ఒక్కో సీసా మెడ నుంచి జనపనార తాడు విప్పుతూ ఉంది.

“ఎవరైనా పగలగొట్టారేమో అనుకున్నా,” అంది నాతో. “పగిలితే సరే, గాజు కదా. వీళ్ళు వీటిని ఇష్టపడి ఉంచుకున్నారు. దానికేం చెయ్యను చెప్పండి?”

నేను ఇంటికి వచ్చి, వంటగది కిటికీలో అల్లికసూదులు పెట్టుకున్న సీసాను ఎత్తి చూశాను. ఏడు వందల ముప్పై మూడు. నాలుగేళ్ళుగా ఆ కిటికీలోంచే నేను ఊరివారి బాధ్యతారాహిత్యం గురించి ఆలోచిస్తూ వచ్చాను. సోమవారం ఉదయం పదిగంటలకు దాన్ని కడిగి, నమోదు కార్యాలయంలో నా పేరు చెప్పి, స్వయంగా ఒప్పగించాను. ప్రూయిట్ గారు దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసి, ‘ఆరోగ్యం: సంతృప్తికరం’ అని వ్రాశారు.

నూట తొంభై కావాలి. ఒకటి వచ్చింది.

మిగిలిన నూట ఎనభై తొమ్మిది మీ దగ్గర ఉన్నాయి. మీ దగ్గరే. ధరావతు రెండు డాలర్లు పోతే పోయిందిలే, ఇంత ముద్దొచ్చే కుండీ ఇంకెక్కడ దొరుకుతుంది అనుకున్నారు. స్నానాల గదిలో సముద్రపు ఇసుక పోసి ఉంచారు. మంచం పక్కన చిన్న దీపాల తీగ చుట్టి పెట్టారు. అందులో గుండీలు దాచారు. ఈ పత్రిక చదువుతూ, ఉపసంఘాన్ని చూసి హాయిగా నవ్వుకుంటూ, సరిగ్గా ఇప్పుడే ఓరకంట అటువైపు చూశారు.

పత్రిక కింద పెట్టండి. లేవండి. దాన్ని ఎత్తి అడుగున ఉన్న అంకె చదవండి. పూలు తీసి, కడిగి, గురువారం నాలుగు గంటల్లోగా మీ పేరు చెప్పి మీ చేతులతో ఇచ్చి రండి.