మాస్కు వెనక మొసలి

పొద్దున్న ఏడింటికే తమ్ముడు అక్క క్లినిక్ ముందు నిలబడి గాజు తుడుస్తున్నాడు. ఆ రోజు పని చాలా చిన్నది. తొమ్మిదింటికి దుకాణం నుంచి స్టిక్కరు వస్తుంది. తొమ్మిదిన్నరకి గాజుకి అంటిస్తారు. పదిన్నరకి అక్కా, బావా, అక్కకి చదువు చెప్పిన ప్రొఫెసరమ్మా వస్తారు, చూస్తారు, బాగుందంటారు. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుంది అనుకుంటూ గాజుని రెండోసారి తుడిచాడు.

అక్క పళ్ళ డాక్టరు. పన్నెండేళ్ళు వేరేవాళ్ళ క్లినిక్కుల్లో, వేరేవాళ్ళ బోర్డుల కింద పళ్ళు పీకి, ఇన్నాళ్ళకి సొంతంగా ఒక గదీ, ఒక కుర్చీ, వీధి వైపు ఎనిమిదడుగుల గాజూ అమర్చుకుంది. తమ్ముడు బోర్డులూ స్టిక్కర్లూ చేసే దుకాణంలో డిజైనరు. ఆ గాజు మీద బొమ్మ తానే వేస్తానని రెండు నెలలు అక్క వెంటపడ్డాడు. ఎందుకంటే అక్క లెక్కలో అతను ఏ పనీ చివరిదాకా సరిగ్గా చేయని మనిషి. ఆవిడ పైకి ఎప్పుడూ అనలేదు. కానీ ఏది అప్పగించినా సాయంత్రం ఫోన్ చేసి "అయిందా?" అని అడిగేది. ముప్పై నాలుగేళ్ళ వయసులో ఆ "అయిందా" వింటే అతనికి ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోయేది. ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, అక్క నోటి వెంట "బాగా చేశావురా" అన్న మాట వినాలని అతని కోరిక. అంతకు మించి పెద్ద ఆశలేమీ లేవు.

అక్కకి కావలసింది ఒక పన్ను. తెల్లగా, పెద్దగా, హుందాగా ఒక్కటంటే ఒక్క పన్ను, దాని కింద వేళలు. బావకి కావలసింది మొసలి. బావ ఏదో ఆఫీసులో కాగితాలు చూసుకునే నెమ్మదస్తుడు. బళ్ళో చదివే రోజుల్లో బొమ్మల పోటీలో రెండో బహుమతి వచ్చింది కాబట్టి ఈ విషయంలో తన మాట చెల్లాలని ఆయన నమ్మకం. నోరు తెరిచిన మొసలి, దాని దవడల మధ్య పన్ను. కవరు వెనక పెన్నుతో గీసి మరీ ఇచ్చాడు. పిల్లలు ఎగబడి వస్తారట.

అక్కకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. బావకి కోపం వస్తే ఆకలి తగ్గుతుంది. తమ్ముడికి రెండూ భయమే. అందుకని ఇద్దరికీ సరే అన్నాడు. బావతో మొసలి ఉంటుందన్నాడు, అక్కతో ఉండదన్నాడు. ఇది అబద్ధం కాదని అతని వాదన, ఎందుకంటే అతని చేతిలో మాస్కు ఉంది.

మాస్కంటే మరేం లేదు. బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ మీద ఒక ఆకారం పెట్టి మాస్కు చేస్తే, ఆ ఆకారం లోపలున్నదే కనిపిస్తుంది. బయటున్నది పోదు, కనిపించదు, అంతే. కిటికీలోంచి చూస్తే ఎదురింట్లో ఒక గదే కనబడుతుంది, అలాగని మిగతా ఇల్లు కూలిపోయిందని కాదు కదా. తమ్ముడు మొసలిని కష్టపడి గీశాడు, దాని నోట్లో పన్ను పెట్టాడు, పన్ను ఆకారంలో మాస్కు వేశాడు. మొసలి మాయం, పన్ను మిగిలింది. అతను తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఏ గీతనీ చెరపలేదు. ఖాతాదారు వద్దన్న ప్రతిదాన్నీ మాస్కు వెనక తోసేవాడు. రేపెవరైనా అడిగితే ఉందని చెప్పొచ్చు, ఇవాళ ఎవరైనా అడిగితే లేదని చెప్పొచ్చు. ఎవరితోనూ కాదనే పని లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరికి ఏం చెప్పాలో మరిచిపోతానేమోనని, ఇద్దరూ ఫోన్లో పంపిన మెసేజీలు కూడా తెచ్చి మొసలి పొట్ట కింద అతికించుకున్నాడు, మాస్కు వెనకే. ఇక తెలుగు అక్షరాల సంగతి తెలిసిందే. ఒక కంప్యూటర్ దాటి ఇంకో కంప్యూటర్‌కి వెళ్ళేసరికి ఒత్తు ఒక దారి, గుడి ఒక దారి పడతాయి. అందుకని పంపేముందు అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చేయడం ఆ దుకాణంలో నియమం. తమ్ముడు అన్నీ కలిపి ఒక్క దెబ్బకి మార్చేసి, ఫైలు పంపేసి, ప్రశాంతంగా నిద్రపోయాడు.

ఎనిమిదిన్నరకి దుకాణం నుంచి మేస్త్రి ఫోన్ చేశాడు. కటింగ్ మెషీను నడిపేది ఆయనే. స్టిక్కరు రోలు మీద కంప్యూటర్ చూపించిన గీత వెంబడి బ్లేడు నడుస్తుంది, అక్కర్లేని ముక్కలు మేస్త్రి చేత్తో పీకేస్తాడు. మితభాషి.

"ఇందులో చాలా ఉందే. అంతా కొట్టమంటావా?"

పన్ను కింద వేళలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి, వాటి గురించే అడుగుతున్నాడనుకున్నాడు తమ్ముడు.

"అంతా కొట్టు. ఒక్క అక్షరం వదిలినా మా అక్క ఊరుకోదు."

మేస్త్రి సరేనన్నాడు. ఒక్క అక్షరమూ వదల్లేదు.

తొమ్మిదిన్నరకి మేస్త్రి రోలు చంకన పెట్టుకుని వచ్చాడు. రోలు అనుకున్నదానికన్నా లావుగా కనిపించింది కానీ తమ్ముడు ఆనందంలో ఉన్నాడు, పట్టించుకోలేదు. స్టిక్కరు మీద మందపాటి తెల్ల కాగితం అంటించి ఉంటుంది కాబట్టి లోపలేముందో తెలియదు. గాజు మీద సబ్బునీళ్ళు చల్లారు, స్టిక్కరు పరిచారు, బుడగ లేకుండా చెక్కతో అదిమారు. పదికి పది నిమిషాలుందనగా పై కాగితాన్ని చెరో మూలా పట్టుకుని నెమ్మదిగా లాగారు.

మొదట తోక వచ్చింది.

పన్నుకి తోకేమిటా అని తమ్ముడు ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత కాళ్ళొచ్చాయి. ఆ తర్వాత ఆరడుగుల మొసలి మొత్తం వచ్చింది, నోరంతా తెరుచుకుని. దాని నోట్లో పన్ను ఎంతో హుందాగా ఉంది. పొట్ట కింద జానెడేసి అక్షరాల్లో రెండు వరుసలు. పై వరుస బావది: "మొసలి పళ్ళు ఇంకాస్త పెద్దవి చెయ్యి. మీ అక్కకి చెప్పకు." కింది వరుస అక్కది: "మొసలిని తీసెయ్. మీ బావతో ఉందనే చెప్పు. ఆయనకి బొమ్మల సంగతి తెలీదు, చెప్తే అలుగుతారు."

మాస్కు వేశాను కదా అని తమ్ముడు గొణిగాడు. మాస్కు మీ స్క్రీన్ మీద ఉంటుందేమో గానీ బ్లేడుకి దాంతో పనేంటి, అది గీత కనిపిస్తే కోస్తుందని మేస్త్రి వివరించాడు. మెసేజీలు చూసైనా అనుమానం రాలేదా అని అడిగితే, ఈ మధ్య ప్రకటనలన్నీ ఇలా ఊరించేలాగే ఉంటున్నాయని, ఇది కొత్తగా బాగుందనుకున్నానని అన్నాడు.

తీసేయడానికి ఎంతసేపు పడుతుందంటే, వేడి గాలి పట్టి గీకితే రెండు గంటలు. ఉన్నది నలభై నిమిషాలు. ఈలోగా పక్క దుకాణం టైలరు బయటికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, రెండు వరుసలూ పెదాలు కదుపుతూ చదివి, "ఇంతకీ మీ బావగారికి తెలుసా?" అని ఆరా తీశాడు. తెలిస్తే కొంప మునుగుతుందని తమ్ముడు ఆయన చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. అక్క చూస్తే పన్నెండేళ్ళ కష్టం మీద మొసలిని పాకించిన తమ్ముడిగా మిగిలిపోతాడు. బావ చూస్తే ఆ పూటే కాదు, ఆ వారమంతా ఆయనకి ఆకలుండదు.

అప్పుడు అతనికి తెలిసిన ఒకే ఒక్క విద్య గుర్తొచ్చింది. కొత్త కుర్చీ చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం లోపల మూలన పడి ఉంది. దాన్ని పరిచి, మధ్యలో పన్ను ఆకారంలో ఒక చిల్లూ, దాని కింద వేళల మేరకి ఇంకో చిల్లూ కోసి, మొసలి మీద అంటించేస్తే సరి. కంప్యూటర్లో చేసిందే గాజు మీద చెయ్యడం. కత్తెర టైలరు తెచ్చాడు. ఆయన ఊరికే ఇవ్వలేదు, పన్నుకి నిలువూ అడ్డమూ కొలతలు తీసి, వంపుల దగ్గర రవ్వంత లూజు వదిలి, తానే కత్తిరించాడు. పదీ ఇరవైఅయిదుకి కాగితం ఎక్కింది. మొసలి లేదు, రాతలు లేవు. గోధుమరంగు మీద తెల్లగా ఒక్క పన్ను, కింద వేళలు. మేస్త్రి కూడా రెండడుగులు వెనక్కి వేసి చూసి, ఫర్వాలేదన్నాడు.

పదిన్నరకి కారాగింది. అక్క దిగి, గాజు వైపు చూసి, కదలకుండా నిలబడిపోయింది. బావ మెడ సాచి మొసలి కోసం వెతికాడు. తమ్ముడు ఆయన వైపు చూసి కన్నుగీటాడు, ఆ గీటుకి అర్థమేమిటో అతనికే తెలియదు.

"ఈ రంగు వెయ్యాలని ఎలా తోచిందిరా నీకు?" అంది అక్క. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. "బాగా చేశావురా."

ముప్పై నాలుగేళ్ళు ఎదురుచూసిన మాట. అది చెవిన పడగానే తమ్ముడికి ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతో కాదు. కాగితానికిచ్చిన మెచ్చుకోలు తన జేబులో వేసుకున్నట్టనిపించింది.

అందరూ లోపలికి వెళ్ళారు. ప్రొఫెసరమ్మకి డెబ్బై దాటాయి. కుర్చీ ఎలా ఉందో చూస్తానని తానే ఎక్కి కూర్చుంది. ఆ కుర్చీ గాజుకి ఎదురుగా ఉంది. స్టిక్కరు అంటించింది గాజుకి బయట, కాగితం దాని మీద. వీధిలోంచి చూసేవాళ్ళకే ఆ కాగితం అడ్డం. లోపలివాళ్ళకి మొసలి నిక్షేపంగా, గోధుమరంగు తెర మీద మరింత తెల్లగా, కుడి ఎడమలు మారి కనిపిస్తోంది. రాతలు తిరగబడ్డాయి కాబట్టి ఎవరికీ అర్థం కావని తమ్ముడికి చిట్టచివరి ఆశ ఒకటి మిగిలింది. కానీ ఆ కుర్చీలో ఉన్నావిడ నలభై ఏళ్ళు రోగి నోట్లో చిన్న అద్దం పెట్టి పళ్ళని తిరగేసి చూసిన మనిషి. ఆవిడకి తిరగబడిందే సవ్యంగా కనిపిస్తుంది. పాఠం చదివినట్టు, తడబడకుండా, రెండు వరుసలూ పైకి చదివింది.

"ఇంతకీ ఈ అక్క ఎవరమ్మా?" అని అడిగింది.

అక్క బావ వైపు చూసింది, బావ అక్క వైపు చూశాడు, తర్వాత ఇద్దరూ నేల వైపు చూశారు. తమ్ముడు తప్పించుకోవడానికి దారి లేక ఉన్నదంతా చెప్పేశాడు, మాస్కు దగ్గర నుంచి టైలరు వదిలిన లూజు దాకా.

"బయట నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను," అంది అక్క, గొంతు బాగా తగ్గించి. "మా ఇద్దరిలో ఒక్కరితోనైనా కాదని చెప్పలేకపోయావా?"

"నీకు కోపం వస్తే నన్ను పనికిరానివాడు అనుకుంటావక్కా. నాకదే భయం."

"అలా అనుకుంటే ఈ గాజు నీకెందుకిస్తానురా? పెద్ద పెద్ద షాపులవాళ్ళు వచ్చి అడిగారు. నువ్వు అడగకముందే వాళ్ళందరికీ వద్దని చెప్పేశాను."

ఈ సంగతి అతనికి తెలియదు. అతనేదో అనబోయేలోపు బావ గొంతు సవరించుకున్నాడు. చాటుగా మెసేజీ పెట్టడం తన తప్పేనని, క్లినిక్ ఆవిడది కాబట్టి పన్నే ఉంచమని చెప్పాడు. అక్క ఊరుకుంటుందా. ఆయన వెనక అలాంటి మాటలు రాసినందుకు సిగ్గేస్తోందని, ఆయన ముచ్చటపడ్డ మొసలే ఉంచాలని పట్టుబట్టింది. పన్నంటాడు బావ, మొసలంటుంది అక్క. నిన్నటిదాకా ఎవరు ఏ పక్కన ఉన్నారో మరిచిపోయి ఇద్దరూ కాసేపు గట్టిగానే వాదించుకున్నారు. ఆఖరికి ఒకేసారి తమ్ముడి వైపు తిరిగారు.

"నువ్వు చెప్పరా. ఏది ఉంచుతావు?"

అలవాటు చొప్పున అతని తలకాయ రెండు వైపులా ఊగబోయింది. దాన్ని ఆపుకున్నాడు.

"పన్నే ఉంటుంది. మొసలి వద్దు. బావా, ఏమనుకోకండి, అది బాగాలేదు."

గదిలో ఏదో విరిగిపడుతుందని ఎదురుచూశాడు. ఏమీ విరగలేదు. బావ "సరే" అన్నాడు. అంతే, సరే. ఒక నిమిషం ఆగి, మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేద్దామని కూడా అడిగాడు. ఈ చిన్న సరే కోసమా తొమ్మిదేళ్ళుగా అన్ని మాస్కులు వేశాను అని తమ్ముడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఇందాక వెనక్కి తీసుకున్న మాట మళ్ళీ ఇచ్చేస్తున్నాను," అని అక్క అతని వీపు తట్టి, చీర చెంగు నడుముకి దోపుకుంది.

కాగితం చింపేశారు. మేస్త్రి వేడి గాలి పట్టాడు. తమ్ముడూ బావా తోక దగ్గర మొదలుపెట్టారు. డాక్టర్లిద్దరూ మాత్రం ఎవరూ చెప్పకుండానే మొసలి పళ్ళ దగ్గరికి వెళ్ళారు.