నజీర్ ఎడమకాలు

ఆ సాయంత్రం పోర్టు కూలీల పాత గ్యాంగు పదేళ్ళ తర్వాత కలుసుకోబోతోంది. జగ్గారావు పొద్దున్నే లేచి చొక్కా ఇస్త్రీ చేసుకుందామనుకున్నాడు. నడుము ఒప్పుకోలేదు. ముందుకు వంగితే హాయి. నిటారుగా నిలబడబోతే కలుక్కుమని పిర్రదాకా నొప్పి. ఒకప్పుడు రెండు బస్తాలు ఒకేసారి మోసిన మనిషి, వాళ్ళందరి ముందుకీ ఇలా వంగి ఎలా వెళ్తాడు?

"డాక్టరు దగ్గరికెల్దాం నాన్నా," అంది కూతురు నీలిమ. తను ఫిజియోథెరపిస్టు.

"ఏటీ వద్దమ్మా. నజీర్ బావ మూడు తన్నులు తంతే సాలు!"

ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తంతే పట్టేసిన నడుము వదులుతుందని గ్యాంగు నమ్మకం. నజీర్ అహ్మద్ అలా పుట్టినవాడే. జెట్టీ మీద ఎవరి నడుము పట్టినా గోనెపట్టా మీద బోర్లా పడుకోవడం, నజీర్ ఎడమకాలితో మెల్లగా మూడుసార్లు తన్నడం, గంట తర్వాత లేచి టీ తాగడం. అబ్బ, ఏం రోజులవి!

నీలిమ డ్యూటీకి వెళ్ళగానే ఫోన్ చేశాడు. "బావా, నడుం పట్టేసింది. బేగి రా. ఎవులికీ సెప్పకు."

నజీర్ ఎవరికీ చెప్పలేదు, గ్యాంగులోని ఒక్క గుణశేఖర్‌కి తప్ప. గుణశేఖర్ "జగ్గారావు పడిపోయాడట" అని పైడితల్లికి చెప్పాడు. పైడితల్లి "మనిషి లేవట్లేదు" అని గ్రూపులో పెట్టాడు. పదింటికల్లా దువ్వాడలోని జగ్గారావు ఇంటి ముందు మూడు ఆటోలు ఆగాయి. పదకొండుమంది దిగారు, ఒక పూలదండతో సహా.

వంగిన నడుంతోనే ఎదురొచ్చిన జగ్గారావుకు వాళ్ళను చూడగానే కళ్ళనీళ్ళు ఆగలేదు. "దండెందుకురా?"

"సాయంత్రం మీటింగుకి!" అన్నాడు పైడితల్లి, దాన్ని వెనక్కి దాచుకుంటూ.

నజీర్ లుంగీ ఎగ్గట్టేసరికి అందరికీ నొప్పులు గుర్తొచ్చాయి. పొద్దున్న బిగుసుకుపోతోందని ఒకడు, పక్కకు తిరిగితే పట్టేస్తోందని ఇంకొకడు, హాలంతా బోర్లా పడుకున్నారు. నజీర్ గోడ పట్టుకుని ఎడమకాలు లేపాడు.

"యా అల్లా!"

అతని నడుమూ పట్టేసింది. మెల్లగా జగ్గారావు పక్కన చేరాడు.

"నిన్నెవుడు తంతాడు బావా ఇప్పుడు?" జగ్గారావుకు ఏడుపొక్కటే తక్కువ.

"తన్నులో ఏటీ లేదు బావా. నాను అందర్లాగే తల ముందెట్టి పుట్టాను. ఉత్తినే పడుకుంటే మేస్త్రీ ఒప్పుకోడు కదా! మీకో గంట రెస్టు దొరుకుద్దని ఆ కత సెప్పాను."

"ముప్పయ్యేళ్ళు మోసం సేసావురా దొంగసచ్చినోడా!" అంటూ జగ్గారావు అతని చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు.

మధ్యాహ్నం నీలిమ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. తేరుకుని ఒక్కొక్కరినీ పరీక్షించింది. "వెన్నుపూసల వెనక చిన్న కీళ్ళుంటాయి. అవి అరిగితే ఇలాగే ఉంటుంది. కాళ్ళు మొద్దుబారినా, బలం తగ్గినా వెంటనే ఆస్పత్రికెళ్ళాలి. తన్నులు మాత్రం వద్దు!"

సాయంత్రం కలయిక ఆ హాల్లోనే జరిగింది. వక్తలెవరూ లేచి మాట్లాడలేదు.