తొంభై పాయింట్ల రాష్ట్రం

"నేటి నుంచి విస్కాన్సిన్ రాష్ట్రంలో మెత్తదనానికి చోటు లేదు!" అని సెనేటర్ రస్ హాఫ్‌నర్ గారు కాగితం మిల్లు గేటు ముందు ట్రాలీ ఎక్కి ప్రకటించారు. "మన ఫ్యాక్టరీల్లో తిరిగే ప్రతి రబ్బరు రోలరూ తొంభై పాయింట్ల గట్టిదనంతో ఉండాలి. ఒక్క పాయింటు తగ్గినా నేరమే!"

జనం చప్పట్లు కొట్టారు. ఆరు వారాల్లో ఎన్నికలు. అవతలి పార్టీ అభ్యర్థి ఆయన్ని మెత్తని మనిషి అన్నాడు. అలాంటి మాటకు తిట్టుతో కాక చట్టంతో జవాబివ్వడం పెద్ద మనసున్నవాళ్లకే సాధ్యం.

గుంపులో వెనకగా నిలబడిన డోరీన్ క్లెమ్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. మిల్లు పక్కనే అరిగిపోయిన ఇనప రోలర్లకు కొత్త రబ్బరు తొడిగే షాపు ఉంది. అందులో ఇరవై ఆరేళ్లుగా రబ్బరు గట్టిదనం కొలిచేది ఆవిడే. జేబుగడియారమంత మీటరు, కింద చిన్న మొన. రబ్బరు మీద అదిమితే ముల్లు సున్నా నుంచి వందలోపు ఎక్కడో ఆగుతుంది. ఆవిడ భర్త వేన్ ఆ మిల్లులోనే రెండో నంబరు మెషిన్ నడుపుతాడు.

సెనేటర్ గారు ట్రాలీ దిగగానే డోరీన్ ఎదురెళ్లింది.

"సార్, తడికాగితం పిండే రోలరుకు అరవై పాయింట్లు చాలు. తొంభై అయితే పని చెయ్యదు."

"అరవయ్యా? బడిలో నీకు అరవై వస్తే మీ అమ్మ ఊరుకునేదా?"

"ఇవి మార్కులు కావు సార్. మెత్తని రబ్బరు కాస్త అణిగి వెడల్పుగా ఆనుతుంది, నీళ్లు పిండి కాగితాన్ని క్షేమంగా వదులుతుంది. గట్టిది సన్నటి గీతలా తాకుతుంది. ఒత్తిడంతా ఆ గీత మీదే పడి కాగితం నలిగి తెగిపోతుంది."

"తెగితే తెగనీ. ఒంగకూడదు," అన్నారు సెనేటర్ గారు. తర్వాత పీఏ వైపు తిరిగి, "ఈవిడకి సబ్జెక్టు తెలుసు. గట్టిదనం కమిషనర్‌గా వేసేయ్," అన్నారు.

చట్టం నాలుగు రోజుల్లో పాసయింది. రాష్ట్రంలో ఏ రోలరు తిరగాలన్నా డోరీన్ సంతకం కావాలి. మెత్తని రోలర్లన్నీ బయటికి పోయాయి, గట్టివి లోపలికి వచ్చాయి. సంతకం పెట్టనని ఒకసారి అంది. అయితే మిల్లే మూసుకోమన్నారు. పెట్టింది.

పత్రికల ప్రెస్సుల్లో సిరా రోలర్లు రాళ్లయ్యాయి, సిరా పట్టడం మానేశాయి. మర్నాటి పేపర్లో సెనేటర్ గారి ఫోటోలో టై, కుడిచెవి మాత్రం పడ్డాయి.

"చెవి చాలా దృఢంగా ఉంది సార్," అన్నాడు పీఏ.

"సంపాదకీయంలో నన్నేమైనా తిట్టారా?"

"అది అసలు పడలేదు సార్."

చట్టం పనిచేస్తోందని సెనేటర్ గారికి నమ్మకం కుదిరింది.

మంగళవారం సాయంత్రం వేన్ తల నిండా తడి కాగితపు గుజ్జుతో ఇంటికొచ్చాడు.

"కాగితం పదకొండు సార్లు తెగింది. తెగినప్పుడల్లా పేలికల్లాగా నెత్తిన పడుతోంది."

"మేనేజరు ఏమంటున్నాడు?"

"శుక్రవారం దాకా చూస్తాడట. తర్వాత మెషిన్ ఆపి మా అరవై ముగ్గుర్నీ ఇంటికి పంపుతాడట." బూట్లు విప్పుకుంటూ అన్నాడు. "రోలరు మీద నీ సంతకం చూశాను. చేతిరాత బాగుంది."

డోరీన్ కూర గిన్నె అతని ముందుకు జరిపింది.

గురువారం రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో కమిటీ విచారణ. తెగిన కాగితాలు సంచి నిండా పట్టుకుని డోరీన్ వెళ్లింది. ఆవిడ వంతు రావడానికి రెండున్నర గంటలు పట్టింది. ఈలోగా, తాజా చీజ్ ముక్కలు కొరికితే పళ్ల కింద రబ్బరులా కీచుమంటాయి కనక అవి రబ్బరు కిందికి వస్తాయా అని ఒక సభ్యుడు అడిగాడు.

"వస్తే వాటికీ తొంభై ఉండాలి," అన్నారు సెనేటర్ గారు.

"అంత గట్టివైతే మా జిల్లాలో పళ్లున్నవాళ్లు మిగలరు!"

"పళ్లు గట్టిపరుచుకోమనండి."

పాడిరైతుల ఓట్ల లెక్క గుర్తొచ్చి చీజ్‌ను మినహాయించారు. డోరీన్ లేచి సంచి బల్ల మీద కుమ్మరించింది.

"సార్, చీజ్‌ను వదిలినట్టే రోలర్లనూ వదలండి. రేపటితో అరవై మూడు ఇళ్లు గడవవు."

"వదిలితే నేను మెత్తబడ్డానంటారు కదమ్మా."

"రబ్బరు మెత్తగా ఉన్నా, మీటరు మాత్రం తొంభై చూపాలి. అంతేగా మీక్కావలసింది?" డోరీన్‌కి ఒళ్లు మండింది. "అయితే మీటరు ముల్లునే తొంభై దగ్గర బిగించెయ్యండి, పీడా పోతుంది!"

గదిలో ఎవరూ నవ్వలేదు. సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"బలపరుస్తున్నాను," అన్నాడు చీజ్ సభ్యుడు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ సాయంత్రమే డోరీన్ ముల్లు కింద సన్నటి స్క్రూ బిగించింది. తెల్లారేసరికి అరవై పాయింట్ల రోలర్లు మళ్లీ మెషిన్లోకి ఎక్కాయి. శుక్రవారం షిఫ్టు ముగిసేదాకా కాగితం ఒక్కసారీ తెగలేదు. వేన్ పొడి జుట్టుతో బయటికొచ్చి, గేటు దగ్గర అందరూ చూస్తుండగా డోరీన్‌ని గట్టిగా వాటేసుకున్నాడు.

అదే గేటు దగ్గర సెనేటర్ గారు కెమెరాల ముందు మీటరు ఎత్తి పట్టుకున్నారు.

"తొంభై! మెత్తబడమన్నారు. పట్టు వదల్లేదు. ఇప్పుడు చూడండి, కాగితం తెగుతోందా?"

మేళం మోగింది. మీటరు అప్పటికింకా దేనికీ ఆనించలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పీఏ పరిగెత్తుకొచ్చి ఆయన చెవిలో ఏదో ఊదాడు. సెనేటర్ గారి మొహం పాలిపోయింది. డోరీన్‌ని పక్కకు పిలిచారు.

"పక్కన మినెసోటా వాళ్లు తొంభై అయిదు ప్రకటించారట. మనం వందకి పోవాలి. ఎంతసేపు పడుతుంది?"

డోరీన్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసింది.

"రెండు నిమిషాలు సార్."

"ష్!" సెనేటర్ గారు కెమెరాల వైపు ఓ చూపు వేసి గొంతు తగ్గించారు. "ఏడాదిన్నర అని రాయి. జనానికి మన కష్టం తెలియాలి కదా."